లెక్కా, మొక్కూ

మా ఊరి చెరువు కట్ట లోపలి వైపు, పెద్ద తూము పక్కన, నిలువెత్తు నల్లరాయి ఒకటి పాతి ఉండేది. దాన్ని గంగమ్మ అనేవాళ్ళం. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి పెద్దాయన రోజూ పొద్దున్నే కట్ట దిగి, రాయికి పసుపు పూసి, బొట్టు పెట్టి, చేతులు జోడించి, ఆ తర్వాత నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో చూసేవాడు. అమ్మ మెడదాకా ఉంటే ఆయకట్టంతా వరి నాటుకోవచ్చు. నడుముదాకా ఉంటే సగానికి వరి, తక్కిన సగానికి కొర్రో జొన్నో. మోకాళ్ళకు దిగితే వరి మాట ఎత్తకూడదు, ఆ నీళ్ళు పశువులకూ ఊరి బావుల ఊటకూ ఉంచేయాలి. పాదాలు బయటపడితే తూము మూసి మట్టి మెత్తేవాడు. ఇక ఎవరొచ్చి అడిగినా ఆయన చెయ్యి కదిలేది కాదు.

ఆ రాయి దేవత. ఆ రాయే కొలబద్ద. "అమ్మ నడుముదాకా ఉండాది" అని ఆయన కట్ట మీద నిలబడి చెబితే, ఊళ్ళో ఎంత మోతుబరి అయినా మారు మాట్లాడేవాడు కాదు. ఉత్త అంకె చెప్పి ఉంటే బేరమాడేవాళ్ళు. గంగమ్మతో బేరమాడే ధైర్యం ఎవరికీ లేదు. కొలత నిజాయితీగా నిలబడడానికి భక్తి కాపలా కాసిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఇప్పుడు ఆ రాయి లేదు. పూడిక కింద ఎంత లోతున ఉందో తెలీదు. నీరుగంటి పనీ లేదు. కరణాలు, మునసబుల వ్యవస్థను 1984లో ప్రభుత్వం తీసేసింది. బోర్లు వచ్చాక నీరుగంటికి ఇవ్వాల్సిన మేర ఇవ్వడం రైతులే మానుకున్నారు. దేవుడు, విజ్ఞానం అనగానే పట్నాల్లో రెండు పక్షాలు చేరి వాదించుకోవడం వింటుంటే నాకు ఆ పెద్దాయనే గుర్తొస్తాడు. ఆయన దగ్గర ఆ రెండూ ఒకే పొద్దులో, ఒకే రాయి దగ్గర, ఒకదాని తర్వాత ఒకటి జరిగిపోయేవి.

మాకు కొద్ది కోసుల దూరంలోనే పోరుమామిళ్ళ చెరువు. శక సంవత్సరం 1291లో, అంటే 1369లో, విజయనగరపు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. భవదూరుడని కూడా ఆయనకు పేరు. ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలినవాడు. చెరువుకు అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. వెయ్యి మంది మనుషులు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని. ఇదంతా అక్కడి భైరవుడి గుడి ముందర నిలిపిన రెండు రాతి పలకల మీద సంస్కృతంలో చెక్కి ఉంది. శాసనం దేవతా స్తుతితో మొదలవుతుంది, నీటి దానం వల్ల వచ్చే పుణ్యాన్ని చెబుతుంది, తర్వాత ఉన్నట్టుండి ఇంజనీరు గొంతుతో మాట్లాడుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలట. ధర్మం తెలిసిన రాజు, నీటిశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు, గట్టి బంకమట్టి నేల, తియ్యటి నీళ్ళ ఏరు, చెరువును ఆనుకుని కొండ, ఆ కొండ చరియల నడుమ మరీ పొడవు కాకుండా బలమైన రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లోనే నిడుపాటి రాళ్ళు దొరికే గని, కట్ట కింద చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషుల గుంపు, ఇలా పోతుంది. ఆ వెంటనే ఆరు దోషాలు. కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్ళు మించిపోవడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు పడడం. ఈ చివరి దోషాన్ని, కృష్ణా నీళ్ళ తగాదాలు చూస్తూ పెరిగిన మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

భైరవుడి ముందర నిలబెట్టిన రాతి మీద, చెరువు ఎందుకు తెగుతుందో రాసి పెట్టారు. మొక్కుకుంటే తెగదని రాయలేదు. కట్ట ఊరకూడదని రాశారు. ఆరున్నర శతాబ్దాలు దాటినా ఆ చెరువు ఇంకా నీళ్ళు పట్టుకుంటోంది. ఈ శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటిలో అచ్చువేయించినవాడు విష్ణు సీతారామ సుక్తాంకర్. తర్వాత పూణేలో, భండార్కర్ సంస్థలో, దేశం నలుమూలల తాళపత్రాలు పోల్చి మహాభారతానికి శుద్ధప్రతి తయారుచేసే మహాకార్యానికి సంపాదకుడైనది కూడా ఆయనే. చెరువు కట్ట మీద భారతం చదివించే సీమలో పుట్టినవాణ్ణి కనక, ఆ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో పడడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

భారతం సంగతి తర్వాత చెబుతా. ముందు పంచాంగాల మూట గురించి చెప్పాలి.

మా జేజినాయన పాత పంచాంగాలు పారేసేవాడు కాదు. ఏడాదికొకటి చొప్పున జనప తాటితో కట్టి అటక మీద పెట్టేవాడు. ఉగాది నాడు రామాలయంలో సామి పంచాంగం చదువుతాడు. ఆ ఏడు రాజెవరు, మంత్రి ఎవరు, మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, ఎన్ని కుంచాల వాన, అందులో సముద్రానికి ఎన్ని పాళ్ళు, కొండలకు ఎన్ని, భూమికి ఎన్ని. భూమి పాలు వచ్చేసరికి గుడిలో చీమ చిటుక్కుమనేది కాదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాల్లో, ఆ పడేదయినా సమయానికి పడుతుందో లేదో తెలియని చోట, ఆ పాళ్ళు చెవులతో కాదు కడుపుతో వినేవాళ్ళు. జేజినాయనా భక్తిగా వినేవాడు. ఇంటికొచ్చి, ఆ పంచాంగాన్నే ముందర పెట్టుకుని, ఏడాది పొడుగునా కార్తె పేజీల అంచుల్లో పెన్సిలుతో రాసేవాడు. ఏ కార్తెలో ఎంత వాన. తుంపర. నేల తడుపు. గుంటక పదును. మడక పదును. వంక పారింది. మరవ పారింది. ఇదీ ఆయన కొలమానం. మిల్లీమీటర్లు తెలియకముందు మా సీమ రైతు వానను పదునుతోనే కొలిచాడు. ఆకాశం నుంచి ఎంత పడిందన్నది కాదు, నేల లోపలికి ఎంత దిగిందన్నది. నల్లరేగట్లో ఒక పదును, ఎర్రనేలలో ఇంకో పదును. ఈ మాట వ్యవసాయ శాస్త్రవేత్తల నోట నేల తేమగా తిరిగి వినబడినప్పుడు నాకు కొత్త అనిపించలేదు.

బద్వేలు తాలూకా ఆఫీసులో వానమాపకం ఉండేది. ఇత్తడి గరాటు, లోపల సీసా. పొద్దున ఎనిమిదిన్నరకు చూసి అంగుళాల్లో రాసేవాళ్ళు. శిస్తు పని మీద పోయినప్పుడు జేజినాయన గుమాస్తాను అడిగి ఆ అంకెలూ తెచ్చుకునేవాడు. అవీ అంచుల్లోనే చేరేవి. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక, సాయంత్రం రేడియో చెప్పిన వాతావరణమూ చేరింది. ఒకే పేజీ మీద నడుమ మేఘాధిపతి ఫలం, ఒక పక్క బద్వేలు అంగుళాలు, ఇంకో పక్క మా చేను పదును. మూడింటికీ పొంతన కుదరని ఏడే ఎక్కువ. ఆయన దేన్నీ కొట్టేసేవాడు కాదు.

ఒకసారి నేను అడిగాను, పంచాంగం చెప్పినట్టు వాన పడలేదు కదా, మళ్ళీ ఏటా ఎందుకు వింటావని. "గ్రహణం ఎప్పుడు పడతాదో చెప్పేది లెక్క. అది తప్పదు. వాన ఎన్ని పాళ్ళో చెప్పేది మొక్కు. మొక్కు తీరినా మొక్కే, తీరకున్నా మొక్కే" అన్నాడు. పెద్దగా చదువుకున్నవాడు కాదు. కానీ ఒకే పుస్తకంలో రెండు రకాల మాటలు ఉన్నాయని ఆయనకు తెలుసు. గ్రహణం ఘడియ తప్పకుండా వస్తుంది కనక, అదే పుస్తకంలోని వాన మాటకూ అంత విలువా జనం ఇచ్చేశారు. పంచాంగానికి ఉన్న పరపతంతా గణితం సంపాదించి పెట్టిందే.

ఆ గణితం గురించి కూడా మనవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోలేదు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక కొత్త నక్షత్రాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, తుంగభద్ర, కృష్ణ దాటితే మా కర్నూలుకు ఉత్తరాన ఉండే వనపర్తిలో దుర్భిణి పెట్టి చూశాడు. అదే గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పేరు హీలియం చరిత్రలో అందరికీ తెలుసు. ఆచార్యుల పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఆయన ఆచారవంతుడైన వైష్ణవుడు. గ్రంథంలో ఉన్న పాత స్థానాలను కాదు, కంటికి ఆకాశంలో కనబడే స్థానాలను పంచాంగానికి ఆధారం చేయాలని వాదించాడు. తిథి తప్పయితే చేసే శ్రాద్ధమూ తప్పే కదా అన్నది భక్తుడికి పుట్టే ప్రశ్నే. ఆ భక్తే ఆయన్ను దుర్భిణి వైపు నడిపించింది.

కార్తెలంటే నాకు అపారమైన గౌరవం. పండగలన్నీ చంద్రుడి లెక్కన జరుపుకుంటూ, సేద్యాన్ని మాత్రం సూర్యుడి లెక్కకు కట్టిపెట్టిన తెలివి అది. చాంద్రమానం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధికమాసంతో మళ్ళీ ముందుకొస్తుంది. దాన్ని నమ్ముకుని విత్తనం వేస్తే కొంప మునుగుతుంది. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులే కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8కి, ఆరుద్ర 22కి. ఏటా అంతే. రోళ్ళు పగిలే రోహిణి ఎండ, మృగశిరలో గొర్రు కట్టడం, మఖ పుబ్బల్లో మబ్బు మొహం చాటేస్తే గుండె గుభేలుమనడం, ఇదంతా తరతరాల పరిశీలన. అయితే ఈ లెక్కకూ చిన్న జారుడు ఉంది. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల ఏడాది ఋతువుల నుంచి 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరిగిపోతుంది. పోరుమామిళ్ళ చెరువు తవ్విన నాటికీ ఇప్పటికీ తొమ్మిది రోజుల తేడా. ఆనాటి రైతుకు మృగశిర తొమ్మిది రోజులు ముందే వచ్చేది. మేఘనాథ్ సాహా నాయకత్వంలో వేసిన సంఘం సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి అమలైన జాతీయ పంచాంగం సరిచేయబోయింది ఈ జారుడునే. అది ఆకాశవాణిలో వినబడింది, ప్రభుత్వ కాగితాల మీద కనబడింది, మా చేల గట్ల మీదికి మాత్రం రాలేదు. పంచాంగాన్ని మార్చాలనుకున్నవాళ్ళు దాన్ని ఏటా గొంతెత్తి చదివే సామితో ఒక్కసారి కూర్చుని మాట్లాడి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇక భారతం. ఆశ్లేష దాటినా వాన రాకపోతే పెద్దలు రామాలయంలో విరాటపర్వం పెట్టించేవాళ్ళు. పాండవులు ఎక్కడ దాగి ఉన్నారో దుర్యోధనుడికి తెలియనప్పుడు, ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సమయానికి పడతాయి, పైర్లు పండుతాయి, ఆ గుర్తుతో వెతుక్కోమని భీష్ముడు చెబుతాడు. అందుకని ఆ పర్వం చదివితే వాన పడుతుందని నమ్మకం. డబ్బులు కూడిన ఏడు తోలుబొమ్మలవాళ్ళను పిలిపించి ఉత్తర గోగ్రహణం ఆడించేవాళ్ళు. ఆముదం దీపాల వెలుగులో ఆవుల మంద కదులుతుంటే, మా ఊరి బక్కచిక్కిన ఎనుములు గుర్తొచ్చి, తెర ముందర కూర్చున్న మా జేజి కళ్ళు తుడుచుకునేది. పిల్లలం మేము రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ఆడవాళ్ళు బిందెలతో కప్పతల్లి మీద నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. నీళ్ళకు కటకటగా ఉన్న రోజుల్లో ఆ బిందెడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు.

విరాటపర్వం ముగిసే లోపలో, ముగిసిన వారం లోపలో వాన పడడం చాలాసార్లు జరిగింది. నేను చూశాను. దానికి కారణం కూడా ఇప్పుడు చెప్పగలను. రాయలసీమలో నైరుతి వానలు జులైలో, ఆగస్టు మొదట్లో సన్నగిల్లుతాయి. మాకు వాన ఎక్కువగా పడే నెల సెప్టెంబరు. కడప వైపు అక్టోబరు కూడా. అంటే మనిషి ఆశ పూర్తిగా అడుగంటే రోజు, ప్రకృతి లెక్కలో వాన దగ్గరపడుతున్న రోజే. అప్పుడు ఏ పర్వం చదివినా, ఏం చదవకపోయినా, వాన పడే అవకాశం రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది. ఇది తెలిశాక నాకు ఆ చదువు మీద గౌరవం తగ్గలేదు. ఎందుకంటే ఆ రాత్రుల్లో అక్కడ ఇంకేం జరిగేదో గుర్తుంది. ఊరంతా ఒక చోట చేరేది. చదువు ఆపిన నడుమ, ఎవరింట్లో కొర్రలు మిగిలున్నాయి, ఎవరి వామిలో ఎవరి గొడ్లకు గడ్డి ఇవ్వాలి, ఇంకా ఎండని బావి ఎవరిది, వాన పడితే విత్తనం ఎవరు అప్పిస్తారు, ఇవన్నీ దేవుడి ముందర తేలేవి. అక్కడ ఒప్పుకున్న మాట తప్పడం కష్టం. వాన దేవుడి చేతిలో ఉందని నమ్మినవాళ్ళు, గడ్డి మాత్రం తమ చేతిలోనే ఉందని మరిచిపోలేదు.

ఇంత చెప్పాక ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది. చెరువు గురించి ఊరందరికన్నా ఎక్కువ తెలిసిన ఆ నీరుగంటి పెద్దాయన రామాలయంలోకి రాకూడదు. పంచాంగం చదివేటప్పుడు వీధికి అవతల, చింతచెట్టు కింద నిలబడి వినేవాడు. చెరువు నిండి మరవ పారిన రోజు గంగమ్మకు చీర, రైక, పసుపు కుంకుమ పెట్టి, పొట్టేలును కోసి, మొదటి పూజ చేసేది ఆయనే. ఆ పూజకు మాత్రం ఆయన కావాలి. అదే చెరువులో ఆయన ఇంటి ఆడవాళ్ళు నీళ్ళు ముంచుకునే రేవు వేరు. వాన పడని ఏడు, ఎవరో తప్పు చేశారని, ఏదో మైల తగిలిందని గుసగుసలు మొదలయ్యేవి. ఆ వేలు ఎప్పుడూ ఊరి చివరి ఇళ్ళ వైపో, మగడు పోయిన ఆడమనిషి వైపో చూపించేది. ఆ నమ్మకాలు పోవడం మేలు. వాటిని పోగొట్టడంలో బడికీ, చదువుకూ, వాన ఎందుకు పడదో చెప్పిన విజ్ఞానానికీ పాలు ఉంది. 1876 నుంచి 78 దాకా మా జిల్లాలను పీల్చి పిప్పి చేసిన ధాత కరువుకు మూలం ఎక్కడో పెరూ తీరంలో సముద్రం వేడెక్కడమని ఇవాళ చెబుతున్నారు. దేశంలో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. మరుసటి ఏడే ఆ కరువు. తర్వాత గిల్బర్ట్ వాకర్ మన వానల లెక్కలు దగ్గర పెట్టుకుని, ప్రపంచం అటు చివర గాలి బరువుకూ ఇటు చివర మన వానకూ ముడి ఉందని కనిపెట్టాడు. కరువుకు ఏ ముండమోసిన తల్లీ కారణం కాదని రుజువు చేసిన లెక్క అది. దానికి నేను మొక్కుతాను.

మా జేజి దారి వేరు. 1962 ఫిబ్రవరిలో ఎనిమిది గ్రహాలు మకరంలో కూడినప్పుడు దేశమంతా ప్రళయమని వణికింది. హోమాలు జరిగాయి. ఆమె మూడు రోజులూ ఉపవాసం ఉండి, నాలుగో రోజు ఏమీ కాకపోతే, మా మొక్కుల వల్లే తప్పిందని సంతోషపడింది. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణానికి ఊరగాయ జాడీల్లో దర్భలు వేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. నిలబడింది. మర్నాడు, గ్రహణం లేని రోజు, అదే పళ్ళెంలో నేను నిలబెట్టి చూపించాను. నిలబడింది. ఆమె కోపగించుకోలేదు. "రోజూ నిలబడేదే అయి ఉంటాది నాయనా. మేము ఆ ఒక్కరోజే చూస్తాం" అంది.

బండి కట్టుకుని యాగంటి పోయినప్పుడు ఆమె చేసిన పని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతాన రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి పేర కాలజ్ఞానంలో చెబుతారు. వెనకటికి చుట్టూ ప్రదక్షిణ చేయగలిగేవాళ్ళమని, ఇప్పుడు స్తంభం అడ్డమొచ్చిందని భక్తులు అంటారు. ఆ రాతి గుణమే అంతని కొందరంటారు. జేజి మొక్కుకుని, కొంగున ఉన్న నల్లదారం తీసి, బసవన్నకూ స్తంభానికీ నడుమ సందు కొలిచి, ముడేసి తెచ్చుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తానంది. మళ్ళీ పోనేలేదు. దారం కూడా ఎక్కడో పోయింది. పూర్తి భక్తురాలు, అయినా దారం తీసింది. కొలిస్తే దేవుడికి కోపమొస్తుందన్న భయం ఆమెకు లేదు.

ఆ యాగంటి పక్కనే బనగానపల్లె. అచ్చమ్మగారి పసుల కాపరిగా ఉంటూ వీరబ్రహ్మంగారు రవ్వలకొండలో కాలజ్ఞానం రాశారని చెప్పుకునే చోటు. ఆ చుట్టుపక్కలే జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడ భూమిలో మందంగా బూడిద పొర ఉంటే జనం తవ్వి, గిన్నెలు తోమే పొడికని అమ్ముకున్నారు. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద అది. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వి 2007లో ప్రకటించిన సంగతి ఏమిటంటే, బూడిద కింద మనుషుల రాతి పనిముట్లు ఉన్నాయి, బూడిద మీదా దాదాపు అలాంటివే ఉన్నాయి. ఆకాశం నుంచి బూడిద కురిసిన ఆ ప్రళయం తర్వాత కూడా ఆ లోయలో మనుషులు రాయి చెక్కుకుంటూ బతికారు. జేజి ఉండి ఉంటే ఆమెకు చెప్పవలసిన కబురు.

నాకు బాధ కలిగించేది తర్వాతి కాలం. 1980ల నుంచి మా చేలల్లో బోర్లు దిగాయి. కడప, కర్నూలు పేర్లతోనే భూగర్భ శాస్త్రవేత్తలు పిలుచుకునే పాతరాళ్ళ పొరలు మావి. 1872లోనే విలియం కింగ్ వాటి మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ రాళ్ళలో నీళ్ళు చీలికల్లో మాత్రమే ఉంటాయి. పైన చెరువు నిండితేనే ఆ చీలికలు నిండుతాయి. చెరువులో మన్ను తోలుకోవడం మానేసి, వంకలు ఆక్రమించుకుని, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచేవాడి వెనక తిరిగాం. టెంకాయ నిక్కితే అక్కడ నీళ్ళు. బోరు ఎండితే ఇంకో చోట, ఇంకో టెంకాయ, ఇంకో అప్పు. యంత్రం తెచ్చి చూసిన చోట్లా ఎండిపోయాయి, నిండని చీలికలో యంత్రం మాత్రం ఏం చూపిస్తుంది. ఈ టెంకాయ మా జేజినాయన మొక్కు కాదు, ఆయన లెక్కా కాదు. మొక్కులో మనిషి తాను చేయగలిగింది చేసి, చేయలేనిది దేవుడికి అప్పజెబుతాడు. ఇందులో చేయగలిగిందే మానేశాం.

2000 తర్వాత కొన్నేళ్ళు మేఘమథనమని విమానాలు మా మీదుగా తిరిగాయి. మబ్బుల్లో రసాయనం చల్లి వాన రాల్చే ప్రయత్నం. ఆ విమానాలకు చేతులెత్తి దండం పెట్టినవాళ్ళను చూశాను. మబ్బు ఉంటేనే చల్లగలరు, లేని మబ్బును పుట్టించలేరు. చల్లాక పడిన వాన చల్లినందుకే పడిందా, ఎటూ పడేదేనా అన్నది తేల్చడం విరాటపర్వం విషయంలో ఎంత కష్టమో ఇక్కడా అంతే కష్టం. విజ్ఞానమన్న పేరుంటే చాలు, అడగడం మానేస్తే అదీ మొక్కుబడే అవుతుంది. 2021 నవంబరు 19న, కార్తీక పున్నమి రోజుల్లో, చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పదుల సంఖ్యలో మనుషులు పోయినప్పుడు నాకు పోరుమామిళ్ళ రాయి మీది ఆరు దోషాలు ఒక్కొక్కటే మనసులో తిరిగాయి. కట్టను రోజూ దిగి చూసే మనిషి ఒకడుండాలి. దండం పెట్టి చూసినా సరే, పెట్టకుండా చూసినా సరే.

జేజినాయన పంచాంగాల మూటను చెదలు తినేశాయి. మిద్దె కూలగొట్టేటప్పుడు తీస్తే చేతికి పొడి వచ్చింది. ఇప్పుడు మండలంలో తనంతట తానే వాన కొలిచే యంత్రం ఉంది. మిల్లీమీటర్లు ఫోనులోకే వస్తాయి. పాత సామి కొడుకు డిగ్రీ చదివి, తండ్రి తర్వాత గుడి చూసుకుంటున్నాడు. ఉగాదికి పంచాంగం చదివాక, పోయిన ఏడు పంచాంగం చెప్పింది ఏమిటి, నిజంగా పడింది ఎంత, రెండూ పక్కపక్కనే అందరికీ చదివి వినిపించమని అడిగాను. దేవుడి ముందర చదివినందుకు తప్పేమీ లేదన్నాడు. చింతచెట్టు కింద నిలబడి వినాల్సిన వాళ్ళు ఎవరూ ఉండకూడదని కూడా అడిగాను. నీరుగంటి పెద్దాయన మనమరాలు ఇప్పుడు మా ఊరి సచివాలయంలో పనిచేస్తోంది, ఆ అంకెలు ఇచ్చేది ఆమే కదా, ఆమే వచ్చి చదువుతుందిలే అన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"తేదీల వారీగా రాయొద్దండి. కార్తెల వారీగా కూడి ఇయ్యండి. మృగశిరలో ఎంత, ఆరుద్రలో ఎంత అని. లేకపోతే మా ముసలోళ్ళు ఒక్కరూ వినరు."